తొంభై ఆరు కేలరీలు

కాటా అక్కకు అంకె అంటే గురి. అది ఒకటి రెండు రోజుల్లో కుదిరిన గురి కాదు. ఊరి బయట గోదాముల వరస మొదట్లో, లారీలు తూచే కాటా పక్కన, పెద్ద కిటికీ ఉన్న చిన్న గదిలో ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటోంది. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది. వెనక చక్రం పలక అంచు దాటి బయట ఉందేమోనని ఆమె మొదట చక్రాలు చూస్తుంది. డ్రైవరు దిగాడో లేదో చూస్తుంది. అప్పుడు గాని తెర మీది ఎర్ర అంకె వైపు తల తిప్పదు. తిప్పి, చూసి, చీటీ కొట్టిందంటే ఇక దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. సరుకు యజమానులు బతిమాలేవారు, డ్రైవర్లు దబాయించేవారు, ఒకాయన అయితే ఏడ్చినంత పని చేశాడు. "నేనేం చెప్పలేదండీ, కాటా చెప్పింది" అనేది ఆమె. అంతటితో సరి. ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. లారీల వాళ్ళందరికీ కాటా అక్కే, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా.

మొగుడు కూడా ఆ కాటా మీద దొరికినవాడే. ఇరవై మూడేళ్ళ కిందట సిమెంటు బస్తాల లారీతో వచ్చి, పలక మీద బండి ఆపి, స్టీరింగు వెనకాలే దర్జాగా కూర్చున్నాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి "దిగండి" అంది.

"దిగాలా?" అన్నాడతను, అదేదో కొత్త సంగతి విన్నట్టు. "ఇన్ని టన్నుల్లో నా బరువెంతని?"

"ఎంతైనా సరే. మిమ్మల్ని కలిపి తూచను."

అతను దిగాడు. తెర మీద అంకె ఎనభై తగ్గింది. ఆ కాటా పది కిలోల మెట్లలోనే చూపిస్తుంది, పదిలోపు సంగతులు దానికి పట్టవు. కాబట్టి అతని గురించి ఆమెకు తెలిసిన మొట్టమొదటి విషయం ఎనభైకి కాస్త అటో ఇటో ఉన్నాడని. మర్నాడు అతను ఖాళీ లారీ వేసుకుని, తూయించాల్సిన పనేమీ లేకుండానే మళ్ళీ వచ్చాడు. మూడోనాడూ వచ్చాడు. తర్వాతి కథ ఎవరైనా ఊహించుకోగలిగిందే.

ఆ మనిషికి ఇప్పుడు యాభై ఆరు. రెండు నెలల కిందట ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ ఎడమ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ మాట వినడం మానేశాయి. నోటి మాట తిరిగి వచ్చింది గానీ నత్తనడక నడుస్తోంది, ఒక్కో ముక్కనీ చీకటి గదిలో తడుముకున్నట్టు వెతుక్కుని చెప్పాలి. ఆసుపత్రిలో తూచి ఎనభై రెండు కిలోలని కాగితం మీద రాశారు. ఇన్నేళ్ళకు ఆ పదిలోపు సంగతి తేలింది.

ప్రమాదం గడిచాక ఆయన్ని కోలుకునేవాళ్ళ వార్డుకు మార్చారు. అక్కడి ఫిజియో అమ్మాయి, ముప్పై నిండని పిల్ల, ఎప్పుడూ చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని పనిలోకి దిగబోతున్నట్టు ఉంటుంది, కాటా అక్కను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

"చూడండమ్మా, ఇక్కడ ఇంకో పది వారాలు ఉంచుతాం. తర్వాత ఇంటికి పంపాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఒంటరిగా మార్చగలగాలి. వరసగా మూడుసార్లు, నా ఎదురుగా. అది కుదరకపోతే ఎక్కువ కాలం ఉంచుకునే కేంద్రానికి పంపిస్తారు. అది ఇక్కడికి నాలుగు గంటల దూరం. ఆదివారం మాత్రమే చూడనిస్తారు."

"ఇప్పుడే మార్చి చూపిస్తాను" అంది కాటా అక్క.

చూపించలేకపోయింది. ఫిజియో అమ్మాయి ఆయన నడుముకు వెడల్పాటి పట్టీ కట్టింది. ఆ పట్టీని రెండు వైపులా ఎలా పట్టుకోవాలో, ఆయన ఎడమ మోకాలు మడుచుకుపోకుండా తన మోకాలితో ఎలా అడ్డుకోవాలో, ముందుకూ వెనక్కూ ఊపి మూడో ఊపుకు ఎలా లేపాలో చూపించింది. కాటా అక్క పట్టుకుంది, ఊపింది, లాగింది. ఆయన మంచం మీంచి జానెడు కూడా లేవలేదు. ఆమె నడుములో ఏదో కలుక్కుమంది. ఇరవై ఆరేళ్ళు కుర్చీలో కూర్చుని ఇతరుల బరువులు చదివిన ఒళ్ళు అది. సొంతంగా ఎత్తిన పెద్ద బరువేదైనా ఉంటే నీళ్ళ బిందె.

పిల్లలు లేరు. ఉన్నది చెల్లెలొక్కతే. అది బడిలో గుమాస్తా, ఊరికి అటు చివర ఇల్లు, దాని సంసారం దానికుంది. వస్తుంది, పోతుంది, కానీ రోజుకు అయిదారుసార్లు లేపి కూర్చోబెట్టడానికి ఎవరొచ్చి కాపలా ఉంటారు? కాటా వెనకాలే రెండు గదుల ఇల్లు. లారీకీ లారీకీ మధ్య కాటా అక్క నాలుగడుగులు వేసి ఇంట్లోకి వెళ్ళిరాగలదు. అన్నీ కుదురుతాయి, ఆ ఎనభై రెండు కిలోలు ఒక్కటి కుదిరితే.

"నడవడాలు, వంగడాలు ఇప్పుడు పనికిరావు" అంది ఫిజియో అమ్మాయి. "బరువులెత్తండి. నాకు తెలిసిన కోచ్ ఒకాయన ఉన్నారు. నా పేరు చెప్పండి."

*

కోచ్ జిమ్ము టైర్ల దుకాణం పైన ఉంది. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, ఎక్కాక ఇనుము వాసన. అద్దాలు లేవు, పాటలు లేవు. కోచ్‌కు అరవై దాటాయి, ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి. మాటలు కూడా కాటా వేసి ఇస్తున్నట్టు చాలా పొదుపుగా ఇస్తాడు. సంగతంతా విని, ఎందుకు ఏమిటి అని అడక్కుండా, ఒక నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏ బరువు ఎత్తారు, ఎన్నిసార్లు ఎత్తారు, ఇందులో రాయండి. ఒకసారి ఎత్తాక మూడు నిమిషాలు కూర్చోండి. మళ్ళీ ఎత్తండి. వారానికి మూడు రోజులు. మిగతా రోజులు రావద్దు."

"రోజూ వస్తానండీ, నాకు టైము లేదు."

"టైము లేదు కాబట్టే రావద్దంటున్నాను" అన్నాడు కోచ్, ఇంకేం వివరించకుండా.

అదే వారం చెల్లెలు ఒక వాచీ తెచ్చి అక్క మణికట్టుకు కట్టింది. చెల్లెలిది మంచి మనసు. నోరు మాత్రం తెరిస్తే మూతపడదు. పొద్దున్నే పదిమందితో కలిసి నడవడం దానికి పిచ్చి. ఆ పదిమందికీ ఇలాంటి వాచీలున్నాయి, ఎవరెన్ని అడుగులు వేశారో, ఎన్ని కేలరీలు కరిగించారో ఫోనులో ఒకరికొకరు పంపుకుంటారు. చెల్లెలు అక్కను కూడా అందులో చేర్చేసింది.

"నువ్వు ఒంటరిగా కష్టపడుతున్నావని అనుకోకక్కా. నీ వెనక మేమంతా ఉన్నాం. నువ్వు జిమ్ములో ఎంత కష్టపడ్డావో ఇది లెక్కేసి చెప్తుంది. కాకిలెక్కలు కావు, కరెక్టుగా."

కరెక్టుగా అనే మాటకు కాటా అక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మర్నాడు ముప్పావు గంట చెమటోడ్చింది. రెండు చేతులా బరువు గుండెకు ఆనించుకుని కూర్చుని లేచింది. నేల మీది ఇనుప కడ్డీని నడుము వంచకుండా మోకాళ్ళ దాకా లేపింది, ఒక్కోసారి అయిదేసి చొప్పున. మధ్యలో మూడేసి నిమిషాలు బల్ల మీద కూర్చుంది. ఇంటికి వచ్చేసరికి మెట్లు దిగిన కాళ్ళు వణుకుతున్నాయి. ఇంత పని చేశాను గదా అని గర్వంగా వాచీ చూసుకుంది. తొంభై ఆరు కేలరీలు.

ఏడున్నరకు చెల్లెలు ఫోను. "ఎంతక్కా?"

"తొంభై ఆరు."

"పర్లేదులే, మొదట్లో అలాగే ఉంటుంది. నేనివ్వాళ మూడొందల పది. మా గుంపులో అందరికంటే పెద్దావిడ, మోకాళ్ళు అరిగిపోయినావిడ, ఆవిడే రెండొందలు దాటింది."

కాటా అక్క ఫోను పెట్టేసి చాలాసేపు ఆ అంకె వైపు చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర లారీ హారను కొట్టేదాకా లేవలేదు.

మొదటి మూడు వారాలూ ఆ అంకె తొంభై, నూట రెండు, ఎనభై ఎనిమిది, అలా ఊగుతూ ఉండిపోయింది. నోటుబుక్కులో కడ్డీ బరువు పాతిక నుంచి నలభై కిలోలకు పెరిగింది. దాని వైపు ఆమె చూడలేదు. అది తన చేత్తో తను రాసుకున్న రాత. వాచీది మిషను మాట. మనిషి రాతకూ మిషను మాటకూ తేడా వస్తే ఏది నమ్మాలో ఇరవై ఆరేళ్ళుగా ఊరందరికీ చెబుతున్న మనిషి ఆమె. కోచ్ తనను చిన్నపిల్లకు చెప్పినట్టు కూర్చోమంటున్నాడని, సగం టైము బల్ల మీదే పోతోందని, ఆ బద్ధకాన్ని వాచీ కనిపెట్టేసిందని తీర్మానించుకుంది.

నాలుగో వారం మొదట్లో కోచ్ తన కుర్రజట్టును పోటీలకు తీసుకుని మూడు వారాలకు ఊరెళ్ళాడు. "బుక్కులో రాసినట్టు చేసుకోండి" అని తాళంచెవి టైర్ల దుకాణంలో ఇచ్చి వెళ్ళాడు. కాటా అక్క ఆ రోజే ఒక ప్రయోగం చేసింది. కడ్డీ పక్కన పెట్టేసి, మూలనున్న మూడు కిలోల డంబెల్స్ తీసుకుంది. రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ, పక్కకూ ముందుకూ, ఆగకుండా ఊపింది. కూర్చోవడాలు బందు. వాచీలో అంకె లారీ మీటరు తిరిగినట్టు తిరిగింది. నూట ఎనభై.

ఆ సంబరం చూడాలి. మర్నాడు కూడా వెళ్ళింది, రావద్దన్న రోజైనా. రెండొందల ఇరవై. వారం తిరిగేసరికి సాయంత్రం కూడా మొదలుపెట్టింది. వాచీ ఉన్న చేతిని ఎంత జోరుగా ఊపితే అంకె అంత జోరుగా కదులుతుందని కూడా తెలిసిపోయింది. ఆ ఒక్క సంగతి దగ్గర ఆమె ఆగి ఉండాల్సింది. కాటా మీద లారీని కాస్త ఊపితే అంకె పెరుగుతుందని ఎవరైనా చెబితే ఆ కాటాకు ఆ రోజే తాళం వేయించే మనిషి. కానీ అంకె మనకు నచ్చిన వైపు పెరుగుతున్నప్పుడు చక్రాలు చూడబుద్ధి కాదు.

మూడొందల నాలుగు వచ్చిన రోజు చెల్లెలు తన గుంపుకంతా చాటింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపారు. కాటా అక్క ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళి మొగుడికి ఆ బొమ్మలన్నీ చూపించింది.

ఆయన ఒక్కో బొమ్మనూ చూసి, చాలాసేపు మాట కూడబలుక్కుని, "అయితే... ఇంటికి" అన్నాడు.

"ఇంటికే" అంది.

*

ఏడో వారంలో ఫిజియో అమ్మాయి నమూనా పరీక్ష పెట్టింది. కాటా అక్క ఆ పొద్దున కూడా జిమ్ముకు వెళ్ళి మూడొందల ఇరవై ఎనిమిది కొట్టి, నిటారుగా నడుచుకుంటూ వార్డులోకి వచ్చింది.

పట్టీ పట్టుకుంది. మోకాలు అడ్డుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆయన లేచాడు, నిజంగానే లేచాడు, మంచానికీ నిలబడడానికీ సగం దారిలోకి వచ్చాడు. అక్కడ ఆమె తొడలు ఉన్నట్టుండి నీరుగారిపోయాయి. ఆయన ఎడమ మోకాలు ఆమె మోకాలిని తోసుకుని పక్కకు జారింది. ఇద్దరూ ఒరిగిపోతుంటే వెనక నిలబడ్డ ఫిజియో అమ్మాయి ఒక్క అంగలో వచ్చి పట్టీ అందుకుని ఆయన్ని మంచం మీద కూలేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"పర్లేదు" అన్నాడాయన. ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది. అని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కాటా అక్క వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆయన తిట్టినా బాగుండేది. ఆ పర్లేదు అనే మాటలో ఆయన అప్పుడే ఆ నాలుగు గంటల దూరపు కేంద్రానికి మనసులో బట్టలు సర్దుకున్నట్టు ఆమెకు వినిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో తన వల్ల ఆయన ఒకదాని మీద ఆశ వదులుకోవడం అదే మొదలు, అది ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఇంకా మూడు వారాలుంది" అంది ఫిజియో అమ్మాయి బయటకు వచ్చి. ఓదార్చడానికి కాదు, లెక్క చెప్పడానికి అన్నట్టు. "కోచ్ నిన్ననే వచ్చారట. వెళ్ళి కలవండి."

*

కోచ్ నోటుబుక్కు అడిగి తీసుకుని తిప్పాడు. మొదటి మూడు వారాల పేజీల్లో బరువులు, సార్లు. తర్వాతి పేజీల్లో ఒక్క కిలో లేదు. తేదీ, ఎదురుగా కేలరీలు, తేదీ, ఎదురుగా కేలరీలు.

"ఎత్తిన బరువు ఎక్కడ రాశారు?"

కాటా అక్క తల దించుకుని వాచీ చూపించింది. జరిగిందంతా చెప్పింది. చెల్లెలి మూడొందలు, మోకాళ్ళు అరిగిన పెద్దావిడ, చప్పట్ల బొమ్మలు, ఏదీ దాచలేదు. కోచ్ నవ్వలేదు, కోప్పడలేదు. నేల మీది కడ్డీకి నలభై కిలోలు అయ్యేలా చక్రాలు తొడిగాడు.

"ఇది ఒక్కసారి ఎత్తండి. ఎత్తి వాచీ చూడండి."

ఎత్తింది. మూడు వారాల కిందట అయిదుసార్లు ఎత్తిన బరువుకు ఈసారి ఒక్కసారికే మెడ నరాలు బిగిశాయి. కడ్డీ దించి వాచీ చూసింది. నాడి తొంభై రెండు, అంకెలో కదలిక లేదు.

"ఇప్పుడు మీ మూడు కిలోలవి ఒక నిమిషం ఊపండి."

ఊపింది. నాడి నూట ముప్పై. కేలరీలు ఆరు పెరిగాయి.

"ఈ రెంటిలో మీ ఆయన్ని లేపే పనికి ఏది దగ్గరగా ఉంది?"

కాటా అక్క కడ్డీ వైపు చూసింది, తన మణికట్టు వైపు చూసింది. ఆమె మొహంలోకి నెమ్మదిగా కిటికీ గదిలోని చూపు వచ్చింది.

"వెనక చక్రం బయటుంది" అంది.

"ఏంటమ్మా?"

"లారీ వెనక చక్రం పలక బయట ఉంటే కాటా తక్కువ చూపిస్తుందండీ. కాటాది తప్పు కాదు. దాని మీదికి ఎక్కింది అది చెప్తుంది. బరువేమో నా నడుం మీదా తొడల మీదా ఉంది, ఈ వాచీ మణికట్టు మీద కూర్చుని గుండె కొట్టుకోవడం లెక్కపెట్టుకుంటోంది. నేను చక్రాలు చూడకుండా చీటీ కొట్టేశాను."

కోచ్ మొదటిసారి ఆమె వైపు కాస్త గౌరవంగా చూశాడు. "అంతే. గుండె ఎంత జోరుగా కొట్టుకుందో చూసి, చెయ్యి ఎంత ఊగిందో చూసి, కేలరీలు ఇన్ని అని అంచనా వేస్తుంది. నడకకు ఆ అంచనా కాస్త అటో ఇటో సరిపోతుంది. బరువులెత్తి కూర్చునేవాళ్ళ దగ్గర దాని లెక్క తప్పుతుంది. అయినా ఆ లెక్క మీకెందుకు? మీకు కావలసింది కరిగించడం కాదు, కూడబెట్టడం. కూర్చున్న మూడు నిమిషాల్లోనే తర్వాత ఎత్తే బలం వస్తుంది. రావద్దన్న రోజుల్లో ఇంకా ఎక్కువ వస్తుంది."

ఒక్కరోజులో ఆయన అన్ని మాటలు మాట్లాడడం టైర్ల దుకాణం వాళ్ళు కూడా ఎప్పుడూ వినలేదు.

"మరి ఈ వాచీ ఏం చెయ్యను? తీసి పారెయ్యనా?"

"ఎందుకు? అందులో గడియారం ఉంది కదా. మూడు నిమిషాలు చూసుకోండి."

*

మర్నాడు ఏడున్నరకు చెల్లెలు ఫోను. "ఎంతక్కా?"

"తొంభై ఒకటి."

"అదేంటక్కా, మూడొందల నుంచి అంత కిందికి పడిపోయావు? ఒంట్లో బాలేదా?"

కాటా అక్కకు ఒళ్ళు మండింది. "ఒంట్లో బాగానే ఉంది. ఇక నుంచి కేలరీలు అడిగితే ఫోను ఎత్తను. ఎన్ని కిలోలు లేపావని అడుగు. మీ బావ ఎనభై రెండు కిలోల మనిషి, మూడొందల కేలరీల మనిషి కాదు." అని పెట్టేసింది. పెట్టేశాక, పాపం అదేం చేసింది, అనిపించింది. కానీ తిరిగి ఫోను చెయ్యలేదు. ఆమెకు ముక్కు మీదున్న కోపం దిగడానికి ఎప్పుడూ ఒక పూట పడుతుంది.

రెండో రోజు ఏడున్నరకు ఫోను మోగింది. చెల్లెలి గొంతు కొంచెం బెదురుగా ఉంది. "ఎన్ని కిలోలక్కా?"

"ఇవాళ రావద్దన్న రోజు. పడుకున్నాను."

"మంచి పని చేశావు" అంది చెల్లెలు, ఏం అనాలో తెలియక.

ఆ మూడు వారాలూ కాటా అక్క చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎత్తింది, వాచీలో మూడు నిమిషాలు పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. కూర్చోవడం చాలా కష్టమనిపించిన మాట నిజం. రెండు నిమిషాలు గడిచేసరికి కాళ్ళు లేవమని పోరేవి. వారం మధ్యలో ఆసుపత్రికి వెళ్ళి, ఫిజియో అమ్మాయి పక్కనుండగా ఆయన పట్టీ పట్టుకుని సగం దాకా లేపి దించడం సాధన చేసింది. నోటుబుక్కులో నలభై పక్కన నలభై అయిదు చేరింది. యాభై. యాభై అయిదు. చెల్లెలు ఆ అంకెల్ని తన గుంపుకు పంపింది. అడుగుల్లో కొలిచేవాళ్ళకు కిలోల్లో వచ్చిన సంగతి అర్థం కాక ఒకావిడ, మీ అక్క బరువు తగ్గుతోందా పెరుగుతోందా అని అడిగిందట.

పదో వారం మొదటి రోజు అరవై కిలోలు నేల విడిచాయి. రెండుసార్లు. కోచ్ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇక పరీక్ష దాకా రావద్దు" అన్నాడు. ఈసారి ఆమె ఎందుకని అడగలేదు.

*

పరీక్ష శుక్రవారం పదకొండు గంటలకు. కిటికీలోంచి వార్డులోకి ఎండ పడుతోంది. ఫిజియో అమ్మాయి చేతిలో అట్టకు బిగించిన కాగితం, అందులో కింద రెండు గళ్ళు, ఒకటి ఇంటికి, ఒకటి కేంద్రానికి. చెల్లెలు బడికి సెలవు పెట్టి వచ్చింది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు, పట్టీ కట్టేశారు. ఎవరి మొహమూ చూడకుండా తన కుడిచెయ్యి చూసుకుంటున్నాడు.

"వాచీ తీసెయ్యండమ్మా" అంది ఫిజియో అమ్మాయి. "ఆయన చర్మం గీసుకుపోతుంది."

కాటా అక్క వాచీ విప్పి చెల్లెలికిచ్చింది. అది కంగారులో దాన్ని తన చేతికి కట్టేసుకుంది.

మొదటిసారి. పాదాలు ఎడంగా పెట్టింది, కడ్డీ ముందు పెట్టినట్టే. నడుము నిటారుగా. మోకాలు మోకాలికి అడ్డు. ఒకటి, రెండు, మూడు. ఎనభై రెండు కిలోలూ ఆమె మీద పడవు, సగం దాకా ఆయన కుడికాలు మోస్తుంది, మిగిలిందే ఆమెది. ఆ మిగిలింది పది వారాల కిందట కొండ. ఇప్పుడు బరువే, కానీ ఎరిగిన బరువు. ఆయన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి చిన్న చిన్న అడుగులతో పక్కకు తిరిగారు. కుర్చీలోకి మెల్లగా దించింది. తర్వాత కుర్చీలోంచి మళ్ళీ మంచం మీదికి. ఫిజియో అమ్మాయి కాగితం మీద ఒక గీత గీసింది.

రెండోసారి కూడా అయింది. కానీ మంచం మీదికి దించేటప్పుడు తొడలు సన్నగా వణికాయి. ఫిజియో అమ్మాయి చూసింది. ఆయనా చూశాడు. కిటికీ వైపు తిరగబోయాడు.

"మూడు నిమిషాలు కూర్చుంటాను" అంది కాటా అక్క. "కూర్చోవచ్చు కదా?"

"కూర్చోండి. ఇంట్లో మాత్రం వరసగా మూడుసార్లు ఎవరు లేపుతారు?"

స్టూలు మీద కూర్చుని చెల్లెలి వైపు తిరిగింది. "మూడు నిమిషాలు పెట్టవే."

చెల్లెలు వాచీ చూసుకుని బిక్కమొహం వేసింది. "అక్కా, నా గుండె నూట ఇరవై ఆరు కొట్టుకుంటోంది. వ్యాయామం మొదలుపెట్టారా అని నన్ను అడుగుతోంది ఇది. నేను ఊరికే నిలబడి ముప్పై కేలరీలు కరిగించేశాను."

ఫిజియో అమ్మాయి అట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది. కాటా అక్క నవ్వలేదు. నవ్వితే బలం పోతుందని భయం. మూడు నిమిషాలూ పూర్తిగా కూర్చుంది, ఒక్క క్షణం తక్కువ కాకుండా. చెల్లెలు అయిందని చెప్పాక లేచింది.

మూడోసారి. పట్టీ పట్టుకుంది. ఒకటి. రెండు. ఆయన కుడిచెయ్యి ఆమె భుజం మీద పడింది. మూడు.

లేచారు. సరిగ్గా అప్పుడు, పోయినసారి ఒరిగిపోయిన సగం దారిలో, ఆయన ఆమె చెవి దగ్గర మాట కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమెకు వినపడుతూనే ఉంది. ఆగలేదు.

"ది... గా... లా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ పళ్ళ బిగువున ఆపుకుంది. తిరిగింది, అడుగు, అడుగు, ఇంకో అడుగు. మోకాళ్ళు వంచి ఆయన్ని కుర్చీలోకి దించింది. పట్టీ వదల్లేదు. కుర్చీ నాలుగు చక్రాలూ చూసింది. బ్రేకులు చూసింది. ఆయన ఎడమ పాదాన్ని చేత్తో తీసి కుర్చీ పాదాల పలక మీద సరిగ్గా పెట్టింది. అప్పుడు గాని ఆయన మొహం వైపు చూడలేదు.

"అక్కర్లేదు" అంది. "ఈసారి మిమ్మల్ని కలిపే తూచాను."

ఫిజియో అమ్మాయి కుర్చీలోంచి మంచం మీదికి కూడా చేయించి, కాగితంలో ఇంటికి అన్న గడిలో గుర్తు పెట్టింది. అప్పుడు చెల్లెలు ఏడ్చింది, ఎంత ఏడ్చిందంటే వాచీ మళ్ళీ ఏదో అడిగింది. ఆయన ఇదేదీ పట్టించుకోలేదు. నోరు ఒక పక్కకే నవ్వుతోంది. ఇంకో మాట కోసం తడుముకుంటున్నాడు, దొరికింది.

"ఎంత?"

"ఎనభై రెండు" అంది కాటా అక్క.